కొమ్మ కొట్టాక ఏం పూయాలి?

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీద రెండు చెక్క ముక్కలున్నాయి. నేను మాట్లాడుతుండగానే ముందు వరుస నుంచి వెనక్కి పంపిస్తాను. ఊరికే చూసి పక్కవాళ్లకి ఇచ్చేయకండి. గోటితో నొక్కి చూడండి, వేలి ముడితో తట్టి చప్పుడు వినండి. రెండూ ఒకే మామిడి చెట్టువి. రెండింటిలోనూ కొమ్మ కొట్టిన చోటు ఉంది. రెండు కొమ్మలూ నేనే కొట్టాను, ఒకే రోజు. పద్నాలుగేళ్ల తర్వాత ఆ చెట్టు తుఫాను గాలికి విరిగింది. అప్పుడు మానుని నిలువునా కోయించి ఈ రెండు చోట్లనీ దాచుకున్నాను.

మొదటిది చూడండి. ఇది మానుకి ఆనుకుని ఉన్న పెద్ద కొమ్మ. అప్పట్లో నాకు తెలిసిన పద్ధతి ఏమిటంటే, కొమ్మని మానుకి సమానంగా, గోడకి తాపడం చేసినట్టు నున్నగా కోయాలి. అలాగే కోశాను. ఉలితో అంచులు చెక్కాను, గరుకు కాగితంతో రుద్దాను. తర్వాత తారు పూత రెండుసార్లు వేశాను. మనస్ఫూర్తిగా, ఒక గాయానికి కట్టు కడుతున్నాననే అనుకుని వేశాను. రెండోది పైన ఉన్న కొమ్మ. నిచ్చెన మీద నిలబడి అందినంతలో కోయాల్సి వచ్చింది. మానుకి దగ్గరగా రంపం పెట్టడం కుదరక, కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉన్న భాగాన్ని వదిలేసి కోశాను. అప్పటికి తారు అయిపోయింది. రేపు పూద్దాంలే అనుకున్నాను, పూయలేదు. చాలా రోజులు అది గుర్తొచ్చినప్పుడల్లా తప్పు చేశానని బాధపడ్డాను.

ఇప్పుడు లోపల చూడండి. పూత వేసిన చోట, ఇదిగో ఈ నల్లటి చార తారే, ఇంకా ఉంది. దాని వెనక చెక్క గోధుమ రంగులోకి మారిపోయి, నొక్కితే తడిసిన అట్టలా లోపలికి పోతుంది. ఆ మెత్తదనం కోత దగ్గర ఆగలేదు, పైకీ కిందకీ జానెడు చొప్పున పాకింది. చెట్టు విరిగింది సరిగ్గా ఇక్కడే. ఏమీ పూయని ముక్కలో మాత్రం కోత వెనక రెండు వేళ్ల మందాన మేకు ఆకారంలో ముదురు రంగు ఉంది, అంతే. తట్టండి, ఖంగుమంటుంది.

చూడగానే "అయితే తారే చెడగొట్టింది" అంటారు. నేనూ మొదట అదే అన్నాను. కానీ జాగ్రత్తగా ఆలోచించండి. ఈ రెండు కోతల మధ్య తేడా ఒకటి కాదు, రెండు. ఒకదానికి పూత ఉంది, రెండోదానికి లేదు. ఒకటి మానుకి ఆనించి కోసింది, రెండోది ఉబ్బు వదిలి కోసింది. దోషం ఎవరిది? పూతదా, కోతదా? నా రెండు ముక్కలు ఈ ప్రశ్న అడగగలవు గానీ జవాబు చెప్పలేవు. దానికి ఒకే రకం గాయాలు చేసి, కొన్నిటికి పూసి, కొన్నిటికి పూయకుండా వదిలి, ఏళ్ల తర్వాత కోసి చూడాలి. ఆ పని చేసిన మనిషి ఉన్నారు.

అలెక్స్ షైగో. అమెరికా అటవీ శాఖలో చెట్ల రోగాల శాస్త్రవేత్త. ఆయన కంటే ముందు కూడా కుళ్లు మీద పరిశోధన జరిగింది. జర్మనీలో రాబర్ట్ హార్టిగ్ పందొమ్మిదో శతాబ్దంలోనే చెక్క కుళ్లడానికి కారణం శిలీంద్రాలని చూపించారు. షైగో చేతికి మోటారు రంపం వచ్చింది. చెట్టుని అడ్డంగా కోస్తే ఆ ఒక్క చోటు మాత్రమే కనిపిస్తుంది. ఆయన వేలాది చెట్లని నిలువునా కోసి, గాయం నుంచి కుళ్లు ఎటు నడిచిందో అడుగడుగునా చూశారు. 1977లో ఆయన, చార్లెస్ విల్సన్ కలిసి ఒక ఫలితం ప్రచురించారు. రెడ్ మేపుల్, అమెరికన్ ఎల్మ్ చెట్ల మీద గాయాలు చేసి, పూతలు పూసి, ఐదేళ్ల తర్వాత కోసి చూశారు. ఏ పూతా కుళ్లుని ఆపలేదు. పూతకీ పూతకీ మధ్య కంటే, చెట్టుకీ చెట్టుకీ మధ్య తేడా ఎక్కువగా కనిపించింది. 1983లో షైగో, వాల్టర్ షార్టిల్ కలిసి పదమూడేళ్ల ప్రయోగాల ఫలితాలు రాశారు. అప్పుడూ అదే మాట.

చెట్టు తట్టుకోవడం అనేది చెట్టు స్వభావం మీద, గాయం ఎక్కడ ఎంత అయింది అన్నదాని మీద ఆధారపడుతుంది. డబ్బాలో ఏముంది అన్నది దాదాపు లెక్కలోకి రాదు. ఈ రోజు నేను మీకు చెప్పడానికి వచ్చిన మాట ఇదే. మిగతాదంతా దానికి వివరణ.

మనం "గాయం మానింది" అంటాం. మన ఒంటి విషయంలో ఆ మాట సరైనదే. చర్మం తెగితే చెడిన కణాలు పోయి వాటి చోటే కొత్తవి వస్తాయి. చెట్టుకి ఆ శక్తి లేదు. ఒకసారి తెగిన చెక్క తెగినట్టే ఉంటుంది, చెట్టు చనిపోయేదాకా ఉంటుంది. చెట్టు చేసేది వేరే పని. చెడిన చోటు చుట్టూ గోడలు కట్టి దాన్ని వేరు చేస్తుంది. బయట కొత్త చెక్క పెంచి దాని మీద కప్పేస్తుంది. అంటే మాను మానదు, మూసేస్తుంది. ఈ తేడా మనసులో పెట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

షైగో ఈ గోడలని నాలుగుగా చెప్పారు. మొదటిది పైకీ కిందకీ అడ్డుపడేది. నీళ్లు మోసే నాళాలని చెట్టు జిగురుతోనూ, ఇంకా ఇతర పదార్థాలతోనూ బిగిస్తుంది. ఇది అన్నిటికంటే బలహీనమైన గోడ. అందుకే కుళ్లు నిలువుగా స్తంభంలా పాకుతుంది. మొదటి ముక్కలో మీరు చూసింది అదే. రెండోది మాను నడిమికి పోకుండా ఆపేది. ఏటేటా ఏర్పడే వలయం చివర గట్టి కణాలు ఆ పని చేస్తాయి. మూడోది పక్కలకి పోకుండా ఆపేది. నడుమ నుంచి బయటికి చక్రం ఆకుల్లా పరుచుకున్న కిరణాల కణజాలం అది. నాలుగోది వేరే రకం. గాయం అయిన తర్వాత కాంబియం, అంటే బెరడుకీ చెక్కకీ మధ్య కొత్త కణాలు పుట్టించే పలచటి పొర, కొత్తగా కట్టే గోడ అది. గాయం అయిన రోజుకి ఉన్న చెక్కకీ, ఆ తర్వాత పెరిగే చెక్కకీ మధ్య నిలబడుతుంది. నాలుగింటిలో ఇదే బలమైనది.

దీన్ని ఒక్కసారి ఊహించుకోండి. పెద్ద తొర్ర ఉన్న ముసలి చెట్లు చూసే ఉంటారు. మాను లోపల మనిషి నిలబడేంత ఖాళీ, పైన గుబురుగా పచ్చటి ఆకులు. ఎలా బతుకుతోంది అని ఆశ్చర్యపోతాం. నాలుగో గోడ గట్టిగా నిలబడితే, తొర్ర వెడల్పు ఆ చెట్టుకి దెబ్బ తగిలిన రోజున మాను ఉన్నంత లావు దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాత పెరిగిన చెక్క అంతా గోడకి ఇవతల, ఆరోగ్యంగా ఉంటుంది. నాకు ఈ సంగతి తెలిసిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. అన్నేళ్లూ నేను తొర్రల్ని చెక్కి శుభ్రం చేశాను, నీళ్లు నిలవకుండా కిందకి రంధ్రాలు వేశాను, సిమెంటు నింపాను. ఆ రంధ్రం వేసిన ప్రతిసారీ చెట్టు కష్టపడి కట్టుకున్న గోడకి నేనే కన్నం పెట్టాను. లోపల ఆగిన కుళ్లుకి బయటి మంచి చెక్కలోకి దారి చూపించాను. సిమెంటు వంగదు, చెట్టు గాలికి ఊగుతుంది. రెండూ ఒరుసుకున్న చోట తడి చేరుతుంది. దయచేసి ఎవరూ తొర్రలు చెక్కకండి, నింపకండి. వదులుగా రాలిపోయేది చేత్తో తీసేయండి, చాలు.

ఇప్పుడు పూత ఎందుకు పనిచేయదో చూద్దాం. గాయం చేసిన క్షణంలోనే గాలిలో ఉన్న శిలీంద్ర బీజాలు కోత మీద వాలతాయి. మనం డబ్బా మూత తీసేలోపే అవి అక్కడ ఉంటాయి. వాటి మీద పూత వేస్తే వాటికి దుప్పటి కప్పినట్టే. చెక్క ఎండకి ముడుచుకుంటుంది, వానకి ఉబ్బుతుంది. పూత దానితో పాటు సాగలేక వెంట్రుకంత పగుళ్లు ఇస్తుంది. పగులులోంచి నీరు లోపలికి పోతుంది, బయటికి రాలేదు. తడి, చీకటి, చెక్క, ఈ మూడూ ఒకచోట ఉంటే శిలీంద్రానికి ఇంకేం కావాలి? వీటికి తోడు తారు, పెట్రోలు సంబంధమైన పూతలు గాయం అంచున ఉన్న కాంబియం కణాలని చంపుతాయి. ఆ అంచు నుంచే కదా కొత్త చెక్క పెదవిలా పెరిగి గాయాన్ని కప్పాల్సింది. చివరిగా, పూత ఉంటే కింద ఏం జరుగుతోందో మనకి కనిపించదు. నా మామిడికి జరిగింది అదే. పైన నల్లగా శుభ్రంగా ఉంది, నేను ధీమాగా ఉన్నాను.

కొన్ని పూతలు గాయం అంచుల పెరుగుదలని కొంచెం వేగం చేస్తాయి. అది నిజమే. అయితే బయట త్వరగా మూసుకుంటే లోపల కుళ్లు లేనట్టు కాదు.

ఈ పూతల మీద నమ్మకం ఈనాటిది కాదు. ఇంగ్లండులో మూడో జార్జి రాజుగారి తోటమాలి విలియం ఫోర్సిత్, 1791లో ఒక లేపనం గురించి పుస్తకం వేశారు. ఆవుపేడ, పాత కట్టడాల సున్నం, కట్టెబూడిద, ఇసుక కలిపిన ముద్ద. దాంతో పుచ్చిన చెట్లు మళ్లీ గట్టి కలప అవుతాయని ఆయన చెప్పారు. అప్పుడు నౌకాదళానికి ఓక్ కలప కావాలి, అందుకని ప్రభుత్వం ఆ మాట ఆసక్తిగా విని ఆయనకి బహుమానం కూడా ఇప్పించింది. థామస్ ఆండ్రూ నైట్ అనే ఉద్యాన శాస్త్రజ్ఞుడు అది నిజం కాదని గట్టిగా వాదించారు. ఫోర్సిత్ మోసగాడని నేను అనను. గాయం కనిపిస్తే చేయి ఊరుకోదు, ఏదో ఒకటి పూయాలనిపిస్తుంది. పచ్చటి చెట్టు మీద తెల్లగా తెగిన కోత చూస్తే నాకు ఇప్పటికీ కడుపులో కలుక్కుమంటుంది. ఆ ప్రేమని నేను తప్పుపట్టను. దాన్ని డబ్బా మీద కాకుండా రంపం మీద పెట్టమంటున్నాను.

షైగో ఫలితాలు పక్కన పెట్టుకుని చూస్తే, నా మొదటి ముక్కలో ఎక్కువ తప్పు కోతదే అనిపిస్తుంది. కొమ్మ మాను నుంచి బయటికి వచ్చే చోట చుట్టూ ఉంగరంలా ఉబ్బు ఉంటుంది. దాన్ని కాలర్ అంటారు. అది కొమ్మది కాదు, మానుది. కుళ్లు మానులోకి రాకుండా ఆపే రక్షణ పొర కొమ్మ మొదట్లో, ఆ కాలర్ లోపలే ఏర్పడుతుంది. మానుకి సమానంగా కోస్తే ఆ కాలర్ పోతుంది, రక్షణ పొర పోతుంది, గాయం పెద్దదవుతుంది, మాను చెక్కే నేరుగా బయటపడుతుంది. కొమ్మ పైభాగంలో, కొమ్మకీ మానుకీ మధ్య బెరడు ముడతలా లేచి ఉంటుంది, అది రెండో గుర్తు. రంపాన్ని ఆ ముడతకి కాస్త బయట మొదలుపెట్టి, కింద కాలర్ మొదలయ్యే చోటికి తీసుకురావాలి. కోత మానుకి సమాంతరంగా రాదు, కొంచెం ఏటవాలుగా వస్తుంది. సరిగ్గా కోస్తే కొన్నాళ్లకి చుట్టూ సమంగా, గుండ్రని గాజులా కొత్త చెక్క లేస్తుంది. మానుకి ఆనించి కోస్తే పక్కల మాత్రమే పెరుగుతుంది, పైనా కిందా ఖాళీగా ఉంటుంది. మీ చెట్ల మీద పాత కోతలు ఉంటే రేపు ఈ ఆకారం చూడండి, కోసినవాళ్లు ఎలా కోశారో చెట్టే చెబుతుంది.

అలాగని మోడు వదలకూడదు. జానెడు మోడు వదిలితే అది చచ్చి, శిలీంద్రానికి మెట్టులా పనికొస్తుంది. ఎండిన కొమ్మ అయితే కాలర్ దాని మీదకి ముందుకు పెరిగి ఉండవచ్చు. అప్పుడు పచ్చి భాగాన్ని ముట్టకుండా ఎండిన చెక్కని మాత్రమే తీసేయాలి.

బరువైన కొమ్మని ఒకే కోతతో దించవద్దు. ముందు మానుకి మూరెడు దూరంలో కింది నుంచి మూడో వంతు గాటు పెట్టండి. దానికి కొంచెం బయట పైనుంచి కోసి కొమ్మ బరువు దించేయండి. మిగిలిన మోడుని అప్పుడు కాలర్ దగ్గర తీయండి. ఇలా చేయకపోతే కొమ్మ పడుతూ పడుతూ మాను బెరడుని కిందిదాకా చీలుస్తుంది. ఆ చీలికకి ఏ మందూ లేదు. రంపం పదునుగా ఉండాలి. రోగం ఉన్న చెట్టు నుంచి ఇంకో చెట్టుకి పోయేటప్పుడు స్పిరిట్‌తో తుడవాలి.

గాయం సైజు చాలా ముఖ్యం. ఐదు సెంటీమీటర్ల లోపు కోతని చాలా చెట్లు తట్టుకుంటాయి. పది దాటితే బలమైన జాతులకి కూడా కష్టమే. ఎందుకంటే లావు కొమ్మలో నడిమి చేవ బయటపడుతుంది. చేవలో బతికున్న కణాలు లేవు, అది గోడ కట్టలేదు. మొక్కై వంగనిది మానై వంగునా అని మనవాళ్లు పిల్లల గురించి అంటారు. నేను దాన్ని అక్షరాలా చెట్టుకే చెబుతాను. బొటనవేలంత ఉన్నప్పుడు తీయాల్సిన కొమ్మని తొడంత అయ్యాక తీయకండి.

ఇక ఎక్కడ పూయాలి? పూయాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఓక్ విల్ట్ అనే రోగం ఉన్న ప్రాంతాల్లో, ఓక్ చెట్టు తాజా గాయం వాసనకి చిన్న పెంకు పురుగులు వచ్చి రోగాన్ని అంటిస్తాయి. అక్కడ ఆ పురుగులు తిరిగే కాలంలో కోయకూడదు. తప్పనిసరై కోస్తే, కోసిన వెంటనే, నిమిషాల్లో పలచటి పూత వేయాలి. ఇక్కడ పూత చేసే పని కుళ్లుని ఆపడం కాదు, పురుగుకి అడ్డం పెట్టడం. ద్రాక్ష తీగల్లో కత్తిరింపు గాయాల ద్వారా లోపలికి పోయే రోగాలున్నాయి, వాటికి శిలీంద్రనాశనులు గానీ, ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంద్రాన్ని గానీ గాయం మీద వేస్తారు. అంటు కట్టిన చోట మైనం పూస్తాం, అది ఎండిపోకుండా. వీటన్నిటిలోనూ ఒక ఫలానా శత్రువు, ఒక ఫలానా అవసరం ఉంది. మామూలు కోతకి అది లేదు.

బెరడు దెబ్బతింటే సంగతి వేరు, ఇక్కడ మనం నిజంగా ఏదో చేయగలం. బండి గుద్దినా, గడ్డి కోసే యంత్రం తగిలినా బెరడు ఊడుతుంది. అప్పటికప్పుడు చూస్తే, ఊడిన బెరడు ఇంకా తడిగా ఉంటే, దాన్ని మట్టి తగలకుండా అదే చోట, అదే దిశలో పెట్టి చిన్న మేకులతో గానీ టేపుతో గానీ బిగించండి. బెరడు దొరకకపోతే ఆ తడి చెక్కని ముట్టకండి, తుడవకండి. నల్ల పాలిథీన్ చుట్టి గాలి తగలకుండా కట్టండి. మాను మీద మిగిలిన సజీవ కణాలు ఎండకపోతే అక్కడికక్కడే కొత్త బెరడు పుట్టే అవకాశం ఉంది. కొన్ని వారాల తర్వాత విప్పేయాలి. కానీ ఇది తాజాగా ఉన్నప్పుడే. గాయం ఎండిపోయాక, వదులుగా వేలాడే బెరడుని పదునైన చాకుతో తీసేయడం తప్ప ఏమీ చేయకండి. గాయాన్ని పడవ ఆకారంలో చెక్కమని పాత సలహా ఒకటి ఉంది. అందంగా ఉంటుందని బతికున్న బెరడు కోయడమే అది, మానేయండి.

మాను చుట్టూ పూర్తిగా బెరడు పోతే ఆకుల నుంచి వేళ్లకి ఆహారం వెళ్లే దారి తెగిపోతుంది. అప్పుడు పూత గురించి ఆలోచిస్తూ టైం పోగొట్టుకోకండి. గాయానికి పైనా కిందా కలుపుతూ అదే చెట్టు పుల్లలతో వంతెన అంటు కట్టగలవాళ్లని పిలవండి.

సరే, ప్రశ్నలు అడగండి.

"బోర్డో పేస్టు పూయమని చెబుతారు కదండీ, అదీ వద్దా?"

మైలుతుత్తం, సున్నం కలిపిన మందు అది. నిమ్మ జాతి చెట్లలో మాను అడుగున బెరడు కుళ్లి బంక కారే రోగానికి, చెడిన బెరడు తీసి అది పూయడం వైద్యమే. రోగం ఉంది, దానికి మందు వేస్తున్నాం. ఆరోగ్యంగా ఉన్న చెట్టు మీద శుభ్రంగా కోసిన ప్రతి కోతకీ పూయడం మాత్రం అలవాటే తప్ప అవసరం కాదు. వానకి కొట్టుకుపోతుంది, చెక్క లోపలి కుళ్లుని చేరదు.

"కోసిన చోట నీరు కారుతోంది, ఆపకపోతే చెట్టు చచ్చిపోదా?"

చచ్చిపోదమ్మా. వేళ్లు పైకి తోసే నీరు అది, రక్తం కాదు. పూత వేసినా దాన్ని తోసుకుని వస్తుంది. దానంతట అదే ఆగుతుంది. అలా కారే జాతి అయితే వచ్చేసారి చిగుర్లు వేసే ముందు కాకుండా వేరే సమయంలో కోయండి.

"నేను పోయినేడు చాలా కోతలకి పెయింటు వేసేశాను సార్. ఇప్పుడు గీకెయ్యమంటారా?"

వద్దు బాబూ, అస్సలు వద్దు. అంచున మెత్తగా, లేత రంగులో కొత్త చెక్క లేస్తూ ఉంటుంది. గీకితే ముందు తెగేది అదే. పెయింటు దానంతట అది పొరలుగా రాలిపోతుంది. ఏడాదికోసారి వెళ్లి ఆ అంచు ఎంత ముందుకొచ్చిందో చూడు. కోత చుట్టూ పుట్టగొడుగులు గానీ, తట్టితే డొల్ల చప్పుడు గానీ వస్తే తెలిసినవాళ్లకి చూపించు. ఆ మొదటి ముక్క ఇప్పుడు ఎవరి దగ్గరుంది? ఇతనికి ఇవ్వండి, ఆ చప్పుడు ఎలా ఉంటుందో ఒకసారి తట్టి వినాలి.